ఫోరే వ్యాకరణం మిషనరీలు రాస్తే శాస్త్రమేనా?

నల్లరేగడి: పపువా న్యూగినీ తూర్పు కొండల్లో, ఒకాపా వైపు మాట్లాడే భాష ఫోరే. దాని వ్యాకరణం అనగానే అందరూ చూపించేది గ్రహాం స్కాట్ 1978లో వేసిన పుస్తకం. ఆయన ఎస్‌ఐఎల్ అనే క్రైస్తవ భాషా సంస్థ మనిషి. ఆ సంస్థ భాషలు నేర్చుకునేది చాలావరకు బైబిల్ అనువాదం కోసం. దీన్ని శాస్త్రమని నెత్తిన పెట్టుకోవాలా?

వ్యాకరణప్రియ: పుస్తకం తెరిచారా అసలు? ఫోరేలో ‘పంది - మనిషి - చంపు’ అని ప్రత్యయం లేకుండా పేర్చినా, మనిషే పందిని చంపినట్టు. మనిషి స్థాయి ఎక్కువ కాబట్టి. పందే మనిషి మీద పడితే పందికి ‘వమ’ అనే ప్రత్యయం తగిలించాలి. ఇందులో బైబిల్ ఎక్కడుంది?

గోదారిగాలి: మనమూ ‘నీళ్లు తాగాడు’ అంటాం, ‘నీళ్లను’ అనం. నీళ్లు మనిషిని తాగవుగా!

అటుకులు: మెదడును తినేసి ప్రాణం తీసే కురు జబ్బు వచ్చింది ఈ ఫోరే వాళ్లకేనా? చచ్చినవాళ్లను తినేవాళ్లని...

వ్యాకరణప్రియ: ఆ ఒక్క ముక్కే అందరికీ తెలుసు. అది అంత్యక్రియల ఆచారం, ఎప్పుడో మానేశారు. కురు అన్నదీ ఫోరే మాటే, వణుకు అని అర్థం.

నల్లరేగడి: ఆ జబ్బు మీద పనిచేసిన గజ్డుసెక్‌కు 1976లో నోబెల్ వచ్చింది. చచ్చిపోయినవాళ్లకు ఏం వచ్చింది? నేనడిగేదీ అదే.

వ్యాకరణప్రియ: మాట మార్చకండి. పంది వాక్యంలో తప్పుంటే చూపించండి.

నల్లరేగడి: ఇంకా పందేనా! మా అమ్మమ్మ కోయ మాట్లాడేది. ఒకాయన వచ్చి నాలుగు రోజులు మా మంచం మీద కూర్చుని ఆమె పాటలన్నీ రికార్డు చేసుకున్నాడు. కాపీ పంపిస్తానన్నాడు. అమ్మమ్మ పోయింది. ఆ గొంతు ఎవరి బీరువాలో ఉందో!

వ్యాకరణప్రియ: దానికి స్కాట్ ఏం చేశాడండీ?

నల్లరేగడి: మీకు వాక్యం దొరికితే చాలు. చెప్పినవాళ్లు ఏమైపోయినా ఫర్వాలేదు.

వ్యాకరణప్రియ: ఆ మాట అనకండి. మా తాతది ఎరుకల భాష. బయట నవ్వుతారని మాకు నేర్పలేదు. మా ఊరికి రికార్డు చేసుకునేవాళ్లూ రాలేదు, మిషనరీలూ రాలేదు. ఇప్పుడు నాకు పది మాటలు రావు.

గోదారిగాలి: ఇది ముందే చెప్పొచ్చుగా ఇద్దరూ.

నల్లరేగడి: బాధగానే ఉందండీ. అయినా అడుగుతాను. 1980లో స్కాట్ వేసిన ఫోరే నిఘంటువులో అర్థాలు ఇంగ్లీషులో ఉన్నాయి. అది ఎవరి కోసం?

వ్యాకరణప్రియ: మా తాత మాటలకైతే ఇంగ్లీషు అర్థాలున్నా కొనుక్కునేదాన్ని.