మొదటి రియర్ వీల్ డ్రైవ్ కారు, మిషిగన్ చలికాలం: కొనవచ్చా?

ప్రశ్న (నోవై, మిషిగన్)

మిత్రులకు నమస్కారం. నేను ఆరేళ్లుగా నోవైలో ఉంటూ ఒక పాత కామ్రీ నడుపుతున్నాను. దాన్ని అమ్మేసి 2018 నాటి బీఎండబ్ల్యూ 330ఐ కొనాలని మనసు పడ్డాను. మంచి స్థితిలో, నాకు అందే ధరలో దొరికిన బండి వెనుక చక్రాల డ్రైవ్ రకం, అంటే ఇంజన్ శక్తి వెనుక చక్రాలకే అందుతుంది. దానికి ఇప్పుడు 18 అంగుళాల రిమ్ములు, ముందు 225, వెనుక 255 మిల్లీమీటర్ల వెడల్పున్న వేసవి టైర్లు ఉన్నాయి. వారానికి మూడు రోజులు ఐ-696 ఫ్రీవే మీదుగా ట్రాయ్‌కి వెళ్లి రావాలి. మా అపార్ట్‌మెంట్ గరాజ్ నుంచి రోడ్డు మీదికి వచ్చే దారి కాస్త ఎగువగా ఉంటుంది. అప్పుడప్పుడు నా భార్య కూడా ఈ కారు నడుపుతుంది.

గుంటూరులో మా నాన్నగారి అంబాసిడర్ మీదే డ్రైవింగ్ నేర్చుకున్నాను కాబట్టి వెనుక చక్రాల బండి నాకు పూర్తిగా కొత్తేమీ కాదు. అయితే అక్కడ నేను చూసింది వానకాలపు బురదే గాని మంచు కాదు. ఈ సంగతి చెబితే ఆఫీసులో ఒకరు “జనవరిలో గరాజ్‌లో పెట్టి చూసుకోవడానికా?” అని నవ్వారు. మరొకరు నాలుగు వింటర్ టైర్లు వేయిస్తే చాలన్నారు, ఇంకొకరు డిక్కీలో ఇసుక బస్తాలు వేసుకోమన్నారు. ఇందులో ఏది నిజం? నిజంగా మంచులో ఇలాంటి బండి నడిపినవారు చెబితే మేలు.

జవాబు 1 (రోచెస్టర్ హిల్స్, మిషిగన్)

నమస్కారమండీ. నేను వాహనాల బ్రేకులు, ఛాసిస్ పరీక్షించే పనిలో ఉన్నాను. ఆ పని మీద కొన్ని చలికాలాలు మిషిగన్ ఉత్తర భాగమైన అప్పర్ పెనిన్సులాలో, గడ్డకట్టిన ట్రాకుల మీద గడిపాను కాబట్టి కొంచెం వివరంగా చెబుతాను.

బండి కదలడం, మలుపు తిరగడం, ఆగడం అనే మూడింటిలో ఏ చక్రాలకు ఇంజన్ శక్తి అందుతున్నదన్నది ముఖ్యంగా మొదటిదానికే సంబంధించిన విషయం. ఆగడం నాలుగు చక్రాల బ్రేకుల పని, ఆ నాలుగింటి కింద ఉన్న రబ్బరు పని. నాలుగు చక్రాల డ్రైవ్ ఉన్న బండి కూడా వేసవి టైర్ల మీద ఉంటే సిగ్నల్ దగ్గర మీ కామ్రీ కంటే ముందుకు జారిపోతుంది. అది సులువుగా కదులుతుంది కాబట్టే నడిపేవారికి రోడ్డు జారుతున్నదన్న సంగతి ఆలస్యంగా తెలుస్తుంది, అసలు ప్రమాదం అక్కడే ఉంది.

మీ కామ్రీ బరువులో దాదాపు అరవై శాతం ముందు చక్రాల మీద ఉంటుంది, లాగేవి కూడా ఆ చక్రాలే. 330ఐలో బరువు ముందు వెనుకలకు ఇంచుమించు సగం సగంగా పంచి ఉంటుంది. పొడి రోడ్డు మీద గట్టిగా యాక్సిలరేటర్ తొక్కితే బరువు వెనక్కి జరిగి వెనుక చక్రాల పట్టు పెరుగుతుంది, ఈ బండ్ల సుఖమంతా అదే. మంచు మీద అంత వేగంగా ముందుకు ఉరకడమే కుదరదు కాబట్టి ఆ లాభం చాలావరకు పోతుంది. ఎత్తు ఎక్కేటప్పుడు మాత్రం ఇంజన్‌తో పనిలేకుండా వాలు వల్లే బరువు వెనక్కి జరుగుతుంది, అందుచేత మీ గరాజ్ దారి మీరు భయపడుతున్నంత ఇబ్బంది పెట్టదు.

ఇక టైర్లు. ఆ వేసవి టైర్లతో నవంబరు దాటనివ్వకండి. సుమారు 7 డిగ్రీల సెల్సియస్ కంటే చలి పెరిగితే వాటి రబ్బరు బిరుసెక్కుతుంది, సున్నాకు దిగువన నడిపితే కొన్ని రకాల టైర్లకు పగుళ్లు కూడా వస్తాయి. జనవరిలో మన దగ్గర మధ్యాహ్నపు ఉష్ణోగ్రతే సున్నా దగ్గర ఉంటుంది కదా. టైరు పక్కన మూడు శిఖరాల కొండ, దాని లోపల మంచురేకు ఉన్న గుర్తు చూసి కొనండి. ఎం ప్లస్ ఎస్ (బురద, మంచు) అనే అక్షరాలు ట్రెడ్ (టైరు మీది గాడులు) ఆకారాన్ని బట్టి వేసేవే గాని మంచు మీద పరీక్షలో నెగ్గినందుకు ఇచ్చేవి కావు. ఈ బండికి 17 అంగుళాల రిమ్ముల మీద నాలుగూ ఒకే కొలతగా 225/50 టైర్లు సరిపోతాయి. వెనుక 255 వెడల్పు చలికాలంలో అలంకారమే, సన్నని టైరు మెత్తని మంచును కోసుకుంటూ కిందికి దిగుతుంది, వెడల్పాటిది దాని మీద తేలుతుంది.

డబ్బు మిగులుతుందని వెనుక రెండింటికే వింటర్ టైర్లు వేయించే ఆలోచన మాత్రం చేయకండి. బండి చక్కగా కదులుతుంది, మలుపులో స్టీరింగ్ తిప్పినా నేరుగా గుంటలోకి వెళుతుంది.

ఇసుక బస్తాలన్నది పాత పికప్ ట్రక్కుల కాలపు సలహా. ఖాళీ పికప్‌కు వెనుక బరువు ఉండదు కాబట్టి అక్కడ అది సబబే. మీ కారు డిక్కీలో చాలా భాగం వెనుక ఇరుసుకు అవతల ఉంటుంది, అక్కడ వంద కిలోలు వేస్తే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ మాట వినదు, ఆగే దూరమూ పెరుగుతుంది. ఒక్క చిన్న బస్తా కట్టి ఉంచుకోండి, అది బరువు కోసం కాదు, ఎక్కడైనా ఇరుక్కుంటే చక్రాల కింద చల్లడానికి.

జవాబు 2 (మినియాపాలిస్)

పైన చెప్పినదంతా నిజమే గాని చేతికీ కాలికీ సంబంధించిన సంగతి ఒకటి మిగిలింది. దాన్ని నేను సొంత ఖర్చుతో నేర్చుకున్నాను.

నా మొదటి వెనుక చక్రాల కారు మాన్యువల్ గేర్లది. మొదటి చలికాలమే మంచి టైర్లు వేయించి, ఇక భయం లేదనుకున్నాను. డిసెంబరులో ఒక ఉదయం ఫ్రీవే దిగే వంపులో వేగం ఎక్కువైందనిపించి, ముందు చక్రాల బండి అలవాటు కొద్దీ యాక్సిలరేటర్ ఒక్కసారిగా వదిలి, గేరు మూడు నుంచి రెండుకు దించి, క్లచ్ తటాలున వదిలేశాను. ముందు చక్రాల బండిలో అలా చేస్తే ఇంజన్ పట్టు ముందు చక్రాల మీద పడుతుంది, బండి ముక్కు కాస్త దారి తప్పుతుంది. ఇక్కడ అది వెనుక చక్రాలను పట్టి ఆపినట్టయింది. పట్టు తప్పిన వెనుక భాగం ముందుకు రావాలని చూసింది. బండి గిర్రున తిరిగి, ఎదురు ముఖంగా, దారి పక్కన మంచు గుట్టలో నిలిచింది. వెనుక ఎవరూ రాకపోవడం నా అదృష్టం. బంపరు పోయింది, పరువూ పోయింది.

మీరు కొనేది ఆటోమేటిక్ అయితే ఇంత తీవ్రంగా జరగకపోవచ్చు, పైగా అమెరికాలో 2012 మోడల్ నుంచి కార్లన్నిటికీ స్టెబిలిటీ కంట్రోల్ (జారే బండిని తనంతట తానే దారిలో పెట్టే ఏర్పాటు) తప్పనిసరి. అయినా యాక్సిలరేటర్ మీద నుంచి కాలు మెల్లగా తీయడం అలవాటు చేసుకోండి. వెనుక భాగం జారినప్పుడు ఎటు వెళ్లాలనుకుంటున్నారో అటే చూసి అటే స్టీరింగ్ తిప్పండి. ఆ క్షణంలో గుట్టనో స్తంభాన్నో చూస్తే చేతులు కూడా అటే తిరుగుతాయి. జారుడు ఆగగానే స్టీరింగును వెంటనే సరిచేయకపోతే బండి రెండో వైపుకు విసురుతుంది. మొదటి జారుడు కంటే ఆ విసురుకే ఎక్కువమంది దొరికిపోతారు.

మొదటి మంచు పడిన రోజు అనుమతి తీసుకుని, దీపస్తంభాలూ పేవ్‌మెంటు అంచులూ లేని ఒక పెద్ద ఖాళీ పార్కింగ్ స్థలంలో అరగంట సాధన చేయండి. మీ ఇంటావిడ కూడా చేయాలి. మనం నేర్చుకుని వాళ్లకు నోటితో వివరిస్తే చాలదండీ, ఆ కదలిక నడుముకు తెలియాలి.

జవాబు 3 (మిస్సిసాగా, ఒంటారియో)

నాది కొంచెం భిన్నాభిప్రాయం. టైర్ల విషయంలో వాదన లేదు. క్యుబెక్‌లో డిసెంబరు 1 నుంచి మార్చి 15 వరకు వింటర్ టైర్లు చట్టప్రకారమే ఉండాలి. మా ఒంటారియోలో అలాంటి నిర్బంధం లేకపోయినా, 2016 నుంచి వింటర్ టైర్లు వేసుకున్నవారికి బీమా సంస్థలు ప్రీమియంలో తగ్గింపు ఇచ్చి తీరాలి. మీ బీమా వారిని కూడా ఒకసారి అడిగి చూడండి.

నేను అడిగేది వేరే ప్రశ్న. ఉదయం ఎన్ని గంటలకు బయలుదేరతారు? మంచు తోసే నాగలి బండి వచ్చి దారి తీసేవరకు ఆగగలిగితే, మంచు మరీ ఎక్కువగా ఉన్న రోజు ఇంటి నుంచి పని చేసుకోగలిగితే, ఈ కారు కొనండి. ఆసుపత్రి డ్యూటీలాగా అయిదింటికే వెళ్లి తీరవలసిన ఉద్యోగమైతే మాత్రం ఏ టైరూ ఆదుకోదు. ఆ బండి అడుగు నేలకు అయిదారు అంగుళాల ఎత్తులోనే ఉంటుంది. ఎనిమిది అంగుళాల మంచులో దాని పొట్ట ఆనిందంటే చక్రాలు గాలిలో తిరుగుతాయి. అప్పుడు అది ఏ చక్రాల డ్రైవ్ అయినా ఒకటే.

ఇంకొకటి, ధర చూసేటప్పుడు టైర్లతోపాటు విడి రిమ్ములు, గాలి ఒత్తిడి సెన్సార్లు కూడా లెక్కలో వేసుకోండి. ఏటా రెండుసార్లు ఒకే రిమ్ము మీద టైర్లు మార్పించడం దండగ.

ప్రశ్న అడిగినవారు

అందరికీ కృతజ్ఞతలు. నేను బయలుదేరేది ఎనిమిదిన్నరకు, మంచు రోజుల్లో ఇంటి నుంచి పని చేయడానికి అభ్యంతరం లేదు. బండి కొనడానికే నిర్ణయించుకున్నాను, 17 అంగుళాల రిమ్ములు వెతుకుతున్నాను. రెండు చిన్న సందేహాలు మిగిలాయి. ఈ కారులో స్టెప్నీ లేదు, ఇప్పుడున్నవి రన్‌ఫ్లాట్ టైర్లు (పంక్చరైనా కొంత దూరం నడిచేవి). వింటర్ టైర్లు కూడా అవే తీసుకోవాలా? ట్రాక్షన్ కంట్రోల్ (చక్రం జారి తిరగకుండా ఆపే ఏర్పాటు) ఎప్పుడైనా ఆపవలసి వస్తుందా?

జవాబు 1 (రోచెస్టర్ హిల్స్)

రన్‌ఫ్లాట్ తప్పనిసరి కాదు. మామూలు వింటర్ టైర్లు మెత్తగా ఉంటాయి, గుంతల మీద నడుము కూడా మిగులుతుంది. అవి తీసుకుంటే డిక్కీలో ఒక గాలి పంపు, పంక్చర్ ద్రవం ఉంచుకోండి. పంపు ఎలాగూ అవసరమే, ఎందుకంటే చలి పది ఫారెన్‌హీట్ డిగ్రీలు పెరిగినప్పుడల్లా టైరులో గాలి ఒత్తిడి సుమారు ఒక పీఎస్ఐ తగ్గుతుంది, మొదటి గడ్డు చలి నాటి ఉదయమే గాలి తగ్గిందని చెప్పే పసుపు దీపం వెలుగుతుంది.

ట్రాక్షన్ కంట్రోల్ రోడ్డు మీద ఎప్పుడూ ఆపకండి. ఇరుక్కుపోయినప్పుడు మాత్రం, చక్రం కొంచెం తిరిగితేనే మంచును తవ్వుకుని బయటపడగలదు, అది తిరగగానే కంప్యూటర్ శక్తి కోసేస్తుంది. ట్రాక్షన్ కంట్రోల్ బటన్‌ను ఒకసారి నొక్కి వదిలితే కొంత జారుడుకు అనుమతిస్తుంది, అది చాలు. నొక్కి పట్టుకుంటే స్టెబిలిటీ కంట్రోల్ కూడా ఆగిపోతుంది. బయటపడ్డాక మళ్లీ నొక్కి, డాష్‌బోర్డు మీద దీపం ఆరిందో లేదో చూసుకుని బయలుదేరండి. కొత్త రిమ్ములు బిగించాక వంద కిలోమీటర్ల లోపు బోల్టులను టార్క్ రెంచితో (బిగువు కొలిచే రెంచి) ఒకసారి సరిచూడండి.