నాన్న కుర్చీ ఈ ఏడాది జరగలేదు. కాలం ఇంత తొందరగా వెళ్ళిపోతున్నట్టు మీకూ అనిపిస్తోందా?

నీరెండ (ప్రశ్న)

చాలా రోజులుగా ఎవరినైనా అడగాలనుకుంటున్న సంగతి ఇది. ఇంట్లో వాళ్ళతో అంటే బాధపడతారని ఇక్కడ రాస్తున్నాను. పొడుగైతే కాస్త ఓపిగ్గా చదవండి.

అమ్మానాన్నలుండే ఇంట్లో ముందుగదికి దక్షిణం వైపు పెద్ద కిటికీ ఉంది. ఎండాకాలంలో మధ్యాహ్నపు ఎండ ఆ కిటికీ గట్టు దాటి లోపలికి రాదు. చలి మొదలయ్యాక మాత్రం రోజూ ఇంత ఇంతగా లోపలికి వస్తూ, చలి బాగా ముదిరేసరికి ఎండపొడ గది మధ్యలోకి వచ్చేస్తుంది. నాన్న చెక్క కుర్చీ కూడా దాంతోపాటే జరిగేది. ఎండాకాలంలో గాలి కోసం కిటికీ కిందే ఉండే కుర్చీ, వానలు వెనకపట్టాక మెల్లగా కదలడం మొదలుపెట్టి, డిసెంబరుకల్లా గది నడుమకి వచ్చేసేది. నాకు ఊహ తెలిసినప్పటినుంచీ ఇంతే. కుర్చీ ఎక్కడుందో చూస్తే ఏ నెలో చెప్పేయొచ్చు అనేది అమ్మ.

ఈసారి నేను వెళ్ళింది మంచి చలిలో. ఎండ గది మధ్యలో ఉంది. కుర్చీ ఇంకా కిటికీ కిందే ఉంది. నాన్న శాలువా కప్పుకుని నీడలో కూర్చున్నారు, ఎండేమో ఆయన తల మీదుగా వెళ్ళి మూడడుగుల అవతల పడుతోంది. అదేంటి నాన్నా అంటే "ఏముందిలే, ఇక్కడ బాగానే ఉంది" అన్నారు. తర్వాత వంటగదిలో అమ్మ చెప్పింది, ఈమధ్య కుర్చీ బరువుగా ఉంటోందట, అమ్మని అడగడానికి మొహమాటమట. నన్ను కూర్చోబెట్టుకుని మరీ అదే కుర్చీని ఒంటిచేత్తో లాగేసిన మనిషి ఆయన.

అప్పట్నుంచీ నాకు మనసు మనసులో లేదు. వానల్లో వెళ్ళినప్పుడు బాగానే ఉన్నారే, అసలు ఇది ఎప్పుడు జరిగింది? రోజూ ఫోన్లో మాట్లాడుతూనే ఉన్నాను, అయినా నాకు తెలియలేదు. ఏడాది గిర్రున తిరిగిపోతోంది. మా ఆరేళ్ళ వాడేమో పుట్టినరోజు ఎప్పటికీ రాదంటాడు, రెండు నెలలుందిరా అంటే ఏడుపు మొహం పెడతాడు. నాకు మాత్రం కిందటి పుట్టినరోజుకి ఊదగా మిగిలిన బెలూన్లు ఇంకా సొరుగులోనే ఉన్నాయి, అప్పుడే ఇంకోటా అనిపిస్తోంది.

నా ఒక్కదానికేనా ఇలా? నేను ఒక్కతే కూతుర్ని, పంచుకోవడానికి అన్నలూ అక్కలూ లేరు. ఏడాదికి రెండుసార్లు, వెళ్ళినప్పుడల్లా నాలుగైదు రోజులు, అంతకన్నా కుదరడం లేదు. మీరేం చేస్తున్నారు?

రాత్రిబండి

మీ ఒక్కరికే కాదండీ. దీని గురించి ఆలోచించినవాళ్ళు ఎప్పటినుంచో ఉన్నారు. 1877లోనే పోల్ జానే అనే ఫ్రెంచ్ తత్వవేత్త ఒక లెక్క చెప్పాడు: మనం ఇప్పటిదాకా బతికిన కాలంతో పోల్చుకునే ఏడాది పొడుగుని కొలుస్తాం అని. ఆ లెక్కన మీ బాబుకి ఒక ఏడాదంటే వాడి జీవితంలో ఆరో వంతు, నలభై ఏళ్ళ మనిషికి నలభయ్యో వంతు. వాడికి రెండు నెలలు అంత పొడుగ్గా ఉన్నాయంటే ఉండవా మరి.

కానీ ఈ లెక్క నాకు పూర్తిగా నచ్చదు. 1890లో విలియం జేమ్స్ తన మనస్తత్వశాస్త్రం పుస్తకంలో ఈ మాటే ప్రస్తావించి, ఇది సంగతిని వర్ణిస్తుందే తప్ప కారణం చెప్పదన్నట్టు రాశాడు. ఆయన చెప్పింది వేరే: చిన్నప్పుడు ప్రతిదీ కొత్త, కాబట్టి జ్ఞాపకాలు చిక్కగా ఉంటాయి, పెద్దయ్యాక రోజులన్నీ ఒకే మూసలో పడి కలిసిపోతాయి, వెనక్కి తిరిగి చూస్తే పట్టుకోవడానికి ఏమీ దొరకదు, అందుకే ఏడాది కుంచించుకుపోయినట్టుంటుంది. పెద్దవాళ్ళని జీవితంలో ఏవి గుర్తున్నాయని అడిగితే, పదేళ్ళకీ ముప్ఫై ఏళ్ళకీ మధ్య జరిగినవే ఎక్కువగా చెబుతారని తర్వాతి పరిశోధనల్లో కూడా పదేపదే తేలింది. నా మటుకు నాకు ఇది నూటికి నూరుపాళ్ళు నిజం. రాత్రి డ్యూటీలో పదకొండేళ్ళు చేశాను, ఆ పదకొండేళ్ళలో విడిగా చెప్పమంటే నాలుగైదు రాత్రులు చెప్పగలను.

మీ నాన్నగారి కుర్చీ సంగతి మాత్రం చదివి చాలాసేపు అలా ఉండిపోయాను. భూమి అక్షం సుమారు 23.4 డిగ్రీలు వాలి ఉండడం వల్ల జూన్ 21కీ డిసెంబరు 21కీ మధ్య మిట్టమధ్యాహ్నం సూర్యుడి స్థానం దాదాపు 47 డిగ్రీలు మారిపోతుంది. ఆ 47 డిగ్రీలే మీ ముందుగదిలో నేల మీద అడుగులుగా కనపడుతున్నాయన్నమాట. ఇంకో విషయం, ఆ మార్పు రోజూ ఒకేలా ఉండదు. మార్చి, సెప్టెంబరు చివర్లలో రోజుకి 0.4 డిగ్రీల దాకా జరుగుతుంది, జూన్, డిసెంబరు చివర్లలో రోజుల తరబడి దాదాపు నిలబడిపోయినట్టే ఉంటుంది. అమ్మానాన్నల వయసు కూడా ఇలాగే అనిపిస్తుంది నాకు. ఏళ్ళ తరబడి అలాగే ఉన్నట్టుంటారు, ఒక్కసారిగా ఒక చలికాలంలో జరిగిపోతారు. మీరు చూసుకోలేదని కాదు, అది జరిగే పద్ధతే అలా ఉంటుంది.

ఏం చేయాలని అడిగారు కదా. ఏడాదికి రెండుసార్లు, సారికి ఐదు రోజులంటే పది రోజులు. పదేళ్ళకి వంద. ఆ వంద అంకె ఒక కాగితం మీద రాసి చూసుకోండి. నేను మా అమ్మ విషయంలో ఇలాగే రాసుకున్నాక డ్యూటీ మార్పించుకున్నాను.

రెండోఅమ్మాయి

రాత్రిబండి గారూ, మిగతాదంతా బాగా చెప్పారు, ఆ వంద రోజుల లెక్క మాత్రం వద్దండీ. నేను చేశాను ఆ పని. మా అమ్మ దగ్గర కూర్చున్నంతసేపూ మనసులో ఒకటి తీసేయ్, ఒకటి తీసేయ్ అనుకుంటూ కూర్చున్నాను, ఆవిడ చెప్పే మాట ఒక్కటీ చెవికెక్కలేదు. ఊరికే టెన్షన్. ఇంటికి తిరిగొచ్చాక అమ్మ ఏం చీర కట్టుకుందో కూడా గుర్తులేదు నాకు.

నీరెండ గారూ, మీకు నేను చెప్పగలిగింది ఒక్క సంఘటనే. అమ్మకి మతిమరుపు మొదలైన కొత్తలో డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాం. అలాంటప్పుడు కొన్ని ప్రశ్నలు అడుగుతారు, చాలాచోట్ల 1975లో తయారైన ఒక ప్రశ్నల పట్టికే వాడుతుంటారు, అందులో మొదటి ఐదూ కాలం గురించే: ఇది ఏ సంవత్సరం, ఏ ఋతువు, ఈ రోజు తేదీ ఎంత, ఏ వారం, ఏ నెల. అమ్మ పక్కన కూర్చుని నేను లోపల్లోపల చచ్చిపోతున్నాను. సంవత్సరం అడిగితే నా పెళ్ళయిన సంవత్సరం చెప్పింది. తేదీ చెప్పలేకపోయింది. వారం తప్పు, నెల తప్పు. ఏ కాలం అన్నప్పుడు మాత్రం వెంటనే జవాబివ్వలేదు, మెల్లగా తల తిప్పి కిటికీలోంచి బయటికి చూసింది. అక్కడ ఒక చెట్టుంది, ఆకులు సగం రాలిపోయాయి. దాన్ని అలా చూసి, "ఇదిగో, ఆకు రాలుతోంది కదా" అంది. డాక్టరు గారు నవ్వి టిక్కు పెట్టారు.

అమ్మకి తెలిసింది ఆ ఒక్కటే, అదీ గుర్తుండి కాదు, చూసి చెప్పింది. ఆ తర్వాత రెండేళ్ళూ నేను అమ్మని తేదీలు అడగడం మానేశాను. కిటికీ పక్కన మంచం వేసి, "ఇవాళ ఎలా ఉందమ్మా బయట" అని అడిగేదాన్ని. రోజూ చెప్పేది. ఒకరోజు చిగుళ్ళొచ్చాయంది, ఒకరోజు పిట్ట గూడు కడుతోందంది, మర్నాడు మళ్ళీ అదే పిట్టని కొత్తగా చూసినట్టు చెప్పింది. నా పేరు మర్చిపోయాక కూడా బయట వాన వస్తే "బట్టలు తీయ్, తడిసిపోతాయి" అనేది. తీసేదాన్ని, తాడు మీద ఏమీ లేకపోయినా లేచి వెళ్ళి వచ్చేదాన్ని.

అమ్మ పోయి మూడేళ్ళు. ఆ రెండేళ్ళు మాత్రం నాకు తొందరగా గడిచినట్టు ఈరోజుకీ అనిపించదు. చాలా పొడుగు, చాలా కష్టం. కానీ ప్రతి నెలా విడివిడిగా గుర్తుంది.

సగంచదివినపుస్తకం

నాకు మాటలు రావట్లేదు. మా నాన్నకి ఇప్పుడే ఫోన్ చేశాను. ఏంట్రా ఈ టైంలో అన్నారు, ఏం లేదు అన్నాను. రెండు నిమిషాలు ఇద్దరం ఏమీ మాట్లాడలేదు.

తాతయ్య72

అమ్మా నీరెండా, ఇక్కడ అందరూ పిల్లల వైపునుంచి రాశారు. నేను కుర్చీలో కూర్చున్నవాడి వైపునుంచి నాలుగు ముక్కలు రాస్తాను.

మొదటిది, మీ నాన్నకి చలి మీ అందరికన్నా ఎక్కువ. వయసు మీదపడ్డాక ఒంటికి తన వేడిని తాను కాపాడుకునే శక్తి తగ్గుతుంది. అందుకని ఎండలోకి జరగడం ఆయనకి సరదా కాదు, అవసరం. అలాగే ఎండాకాలంలో దాహం కూడా మాకు సరిగ్గా తెలియదు, ఒంట్లో నీళ్ళు తగ్గినా దాహం అంతగా అనిపించదు. "దాహమేస్తోందా" అని అడిగితే లేదనే అంటాం, అడగకుండా గ్లాసు చేతికివ్వాలి. ఇవి చిన్న సంగతుల్లా కనిపిస్తాయి కానీ ఇంట్లో పెద్దవాళ్ళుంటే కాలం మారినప్పుడల్లా గుర్తుపెట్టుకోవాల్సినవి ఇవే.

రెండోది, అసలు సంగతి. మీ నాన్న అమ్మని ఎందుకు అడగలేదంటారు? మొహమాటమని మీ అమ్మ అంది, అది సగమే. నేను కూడా కిందటేడు అటక మీది పెట్టె దించలేక నెల రోజులు ఎవరికీ చెప్పలేదు. ఒకసారి అడిగితే ఇక ఆ పని నా చేతిలోంచి పోయినట్టే అనిపిస్తుంది. పెట్టె బరువు కాదమ్మా, ఆ మాట బరువు. మా అబ్బాయి ఒకరోజు వచ్చి "నాన్నా, మీరెందుకు, నేను దించుతాను ఉండండి" అన్నాడు. ప్రేమతోనే అన్నాడు, నాకు తెలుసు. ఆ పూటంతా నాకు అన్నం సయించలేదు. వాడికి ఇప్పటికీ తెలియదు.

కాబట్టి మీరు వెళ్ళి గబగబా కుర్చీ జరిపేసి కూర్చోబెట్టేయకండి. ఒక వైపు మీరు పట్టుకుని, ఇంకో వైపు ఆయన్ని పట్టుకోమనండి. ఆయన పట్టు వల్ల కుర్చీ కదలకపోయినా ఫరవాలేదు.

కాలం తొందరగా పోతోందా అని అడిగారు. మాకు పొద్దున్నపూట అసలు గడవదు, ఏడాది మాత్రం ఇట్టే అయిపోతుంది. రెండూ నిజమే. మీరు ఫోన్ చేసినప్పుడు "ఎలా ఉన్నారు" అంటే "బాగున్నాం" అంటాం, అంతకుమించి చెప్పడానికి మాకేం ఉంటుంది. "ఎండ ఎక్కడిదాకా వచ్చింది నాన్నా" అని అడిగి చూడండి.

నీరెండ

అందరికీ నమస్కారం. ఆలస్యంగా రాస్తున్నందుకు ఏమీ అనుకోకండి, చదువుతూ చదువుతూ చాలాసార్లు మూసేశాను.

రెండోఅమ్మాయి గారూ, తాడు మీద బట్టలు లేకపోయినా లేచి వెళ్ళేదాన్ని అన్నారు చూడండి, ఆ మాట దగ్గర ఆగిపోయాను. రాత్రిబండి గారూ, లెక్క రాయలేదు, సెలవు మాత్రం పెట్టాను. శుక్రవారం రాత్రి బయల్దేరి వెళ్ళి ఆదివారం వచ్చేశాను, ఇన్నేళ్ళలో ఊరికే, పని లేకుండా వెళ్ళడం ఇదే మొదటిసారి. ఏమైంది, ఏమైంది అని అమ్మ కంగారుపడింది.

తాతయ్య గారూ, మీరు చెప్పినట్టే చేశాను. "నాన్నా, అటు పట్టుకోండి" అన్నాను. నా మొహంలోకి ఒకసారి చూసి, ఏమీ అనకుండా లేచి పట్టుకున్నారు. ఇద్దరం కలిసి జరిపాం, మావాడు మధ్యలో దూరి వాడూ తోశాడు. జరిపాక చూస్తే కుర్చీ ఉన్నచోట నేల మీద గీతలు కనిపించాయి, కాళ్ళు రాసుకుని పడ్డవి, కిటికీ దగ్గర్నుంచి గది మధ్యదాకా. నేను అవి నేలలో పగుళ్ళనుకునేదాన్ని ఇన్నాళ్ళూ. ఒకచోట మాత్రం గీతలు తిన్నగా రాకుండా పక్కకి తిరిగి ఉన్నాయి, బాగా లోతుగా. ఇక్కడెందుకు ఇలా అని అడిగాను.

"నువ్వు పదో తరగతి అప్పుడు ఇక్కడ కింద కూర్చుని చదువుకునేదానివి. ఎండ నీ పుస్తకం మీద పడేది. నేను అడ్డం జరిగి కూర్చునేవాణ్ణి" అన్నారు.

నాకు ఎండ పడినట్టు కూడా గుర్తులేదు.

నాన్న ఎండలో కూర్చున్నారు. మావాడు ఒక సుద్దముక్క తెచ్చి ఎండపొడ అంచు వెంబడి నేల మీద గీత గీశాడు, వచ్చేసారి వచ్చేసరికి ఎక్కడుంటుందో చూస్తాడట. గీత తుడవద్దని అమ్మకి మరీ మరీ చెప్పి బండెక్కాడు. నిన్న సాయంత్రం ఫోన్ చేసి ఎండ ఎక్కడిదాకా వచ్చింది అని అడిగాను. గీతకి బెత్తెడు వెనక్కి వెళ్ళిందన్నారు నాన్న, తర్వాత చాలాసేపు మాట్లాడారు.