మసాలా బార్లలోకి చీనీకాయా, నిమ్మకాయా?

అనంత_వంటగది (అనంతపురం):
మైదా, బెల్లం పొడి, వెన్న, శొంఠి, దాల్చినచెక్క కలిపి చదరపు ట్రేలో బేక్ చేసి, పైన పుల్లటి చక్కెర గ్లేజ్ పోసి ముక్కలు కోస్తారు కదా, ఆ బార్లు చేయాలనుకుంటున్నా. రెసిపీలో కమలా తొక్క తురుము, నిమ్మరసం అని ఉంది. ఇంట్లో చీనీకాయలు (బత్తాయిలు) బుట్టెడున్నాయి. చుట్టూ చీనీ తోటలు పెట్టుకుని కమలాలు కొనడానికి మనసొప్పడం లేదు. రెండింటి బదులూ చీనీనే వాడొచ్చా?

కడప_అక్క:
వద్దమ్మా. చీనీలో పులుపు చాలా తక్కువ. గ్లేజ్ అంటేనే దాదాపు అంతా చక్కెర, అందులో చీనీ రసం పోస్తే తీపి మీద తీపి. రెండో ముక్క ఎవరూ ముట్టరు. పైగా మీ రెసిపీలో వంటసోడా ఉందేమో చూడండి. అది పొంగాలంటే పులుపు కావాలి. బెల్లంలో ఉండే కాస్త పులుపు చాలకపోతే సోడా మిగిలిపోయి సబ్బు రుచి వస్తుంది. నిమ్మకాయే వాడండి.

తోట_అబ్బాయి (తాడిపత్రి):
అక్కా, పులుపు గురించి మీరన్నది నిజమే. సోడా బదులు బేకింగ్ పౌడర్ వేస్తే ఆ చిక్కు పోతుంది, దానికి కావలసిన పులుపు దానిలోనే ఉంటుంది. కానీ అసలు వాసన రసంలో లేదు, తొక్కలో ఉంది. తొక్క మీద సన్నటి చుక్కలు కనిపిస్తాయి చూడండి, అవన్నీ నూనె తిత్తులు. కాయను గోరువెచ్చని నీళ్లలో రుద్ది కడిగి, పైపొర మాత్రమే తురిమి, కొలిచిన బెల్లం పొడిలో వేసి వేళ్లతో బాగా నలపండి. వాసన గదంతా పట్టేస్తుంది. కింది తెల్లపొర తగలనివ్వొద్దు, చేదు.

పిండిలో రసం మాత్రం పోయొద్దు. చీనీ రసం తీసి ఉంచితే చేదెక్కడం జ్యూస్ బండి దగ్గర చూసే ఉంటారు. లిమోనిన్ అనే పదార్థం వల్ల అలా అవుతుంది, వేడి తగిలితే ఇంకా తొందరగా అవుతుంది.

మన కాయ లారీలెక్కి ఢిల్లీ దాకా పోతోంది. మన వంటింట్లో మాత్రం జ్యూస్ దాటి ముందుకు రాదు. నాకది నిజంగా బాధగా ఉంటుంది.

కర్నూలు_ఓవెన్:
తొక్క గురించి తమ్ముడి మాటే నాదీ. స్విట్జర్లాండ్‌లోని బాసెల్‌లో లెకర్లి అని చేస్తారు. తేనె, బాదం, మసాలాలు, పాకంలో ఊరిన నారింజ, నిమ్మ తొక్కలు వేసి కాల్చి, వేడి మీదే గ్లేజ్ పూస్తారు. పలచటి తెల్లపొరలా ఆరిపోతుంది. కాబట్టి చల్లారే దాకా ఆగక్కర్లేదు. ఒక్కటే జాగ్రత్త, లవంగం చిటికెడు దాటితే చీనీ వాసన కనపడకుండా పోతుంది. శొంఠి, యాలకులు చాలు.

కడప_అక్క:
లవంగం మాట ఒప్పుకుంటాను, వేడి గ్లేజ్ మాట ఒప్పుకోను. మీరు చెప్పేది గట్టి బిస్కెట్ లాంటిది. ఈమె చేసేది మెత్తటి బార్. వేడి మీద పోస్తే గ్లేజ్ లోపలికి ఇంకిపోయి పైభాగం జిగురవుతుంది. ఎనిమిది అంగుళాల ట్రే అయితే 180 డిగ్రీల్లో 25 నిమిషాలు ఉంచి, పుల్ల గుచ్చి చూసి తీయండి. పూర్తిగా చల్లారాక కప్పు పొడి చక్కెరకు ఒకటిన్నర టేబుల్ స్పూన్ నిమ్మరసం కలిపి పోయండి. పలచబడితే ఇంకాస్త చక్కెర. మన ఎండలకు ఎక్కువ రసం పోస్తే అసలు గట్టిపడదు.

అనంత_వంటగది:
సరే అక్కా, లోపల చీనీ తురుము, పైన నిమ్మరసం. బేకింగ్ పౌడర్ తెచ్చుకుంటాను.

తోట_అబ్బాయి:
గ్లేజ్‌లో కూడా అర స్పూన్ చీనీ తురుము వేయండి అక్కా. నోట్లో పెట్టుకోగానే ముందు తగలాల్సింది మన కాయ వాసనే.

కడప_అక్క:
వేసుకోండి. నిమ్మరసం మాత్రం తగ్గించొద్దు.