మూడున్నరేళ్ల బాబు, స్పాస్టిక్ డైప్లీజియా – బోటాక్స్, స్టెమ్ సెల్స్, ఫిజియో... దేనికి ఖర్చు పెట్టాలి?

గూడెం_అమ్మ

అందరికీ నమస్తే అండి. మా బాబు నెలలు నిండకుండానే పుట్టాడు, బరువు తక్కువ, చాలా రోజులు ఎన్‌ఐసీయూలో ఉంచారు. ఏడాది దాటినా కూర్చోవట్లేదని ఎంఆర్ఐ తీయిస్తే సీపీ (సెరిబ్రల్ పాల్సీ, మెదడుకి దెబ్బ తగిలి కదలికలు దెబ్బతినడం) అన్నారు, స్పాస్టిక్ డైప్లీజియా (ముఖ్యంగా రెండు కాళ్లు బిగుసుకుపోయే రకం), లెవెల్ 3 అని రాశారు. చేతులు బాగానే వాడతాడు, మాటలు చక్కగా వస్తాయి, మా కొట్టుకి వచ్చిన వాళ్లందరినీ పేరు పెట్టి పిలుస్తాడు. కాళ్లే బిగుసుకుపోయి ఉంటాయి, నిలబెడితే మునివేళ్ల మీద నిలబడి కాళ్లు ఒకదాని మీద ఒకటి వేసేస్తాడు. న్యూరాలజిస్ట్ గారు పిక్కల్లో బోటాక్స్ (బిగుసుకున్న కండరాన్ని కొన్నాళ్లు వదులు చేసే సూది మందు) వేద్దాం అంటున్నారు. ఇంకో సెంటర్‌లో స్టెమ్ సెల్స్ అయితే శాశ్వతంగా నయమైపోద్ది అని లక్షల్లో ప్యాకేజీ చెప్పారు, మావయ్యగారు ఉన్న అర ఎకరం అమ్మేద్దాం అంటున్నారు. అత్తగారు రోజూ నూనె మర్దన చేస్తున్నారు. మాకు కిరాణా కొట్టు ఒక్కటే ఆధారం అండి. మీ పిల్లలకి ఏది పనికొచ్చిందో ఏది రాలేదో ఉన్నదున్నట్టు చెప్పండి.

కరీంనగర్_డాడీ

అక్కా ముందుగాల పొలం జోలికి పోకుండ్రి. మా బిడ్డకి తొమ్మిదేండ్లు, గదే డైప్లీజియా, ఇప్పుడు వాకర్ పట్టుకొని బడిల తిరుగుతది. నాలుగేండ్లప్పుడు బోటాక్స్ ఏపిచ్చినం. సూది వేసినంక వారం పది రోజులల్ల పిక్కలు మెత్తగ అయినయి, మడమ కింద ఆనింది, ఇంట్ల అందరం మస్తు సంబరపడ్డం. కానీ దాని పవర్ మూడు నాలుగు నెలలే ఉంటది, తర్వాత మళ్ల బిగుసుకుంటది, ఇది డాక్టర్ ముందే చెప్పిండు. గా మూడు నెలలల్ల ఏం చేస్తరన్నదే అసలు సంగతి. మాకు సూది తర్వాత పిండికట్టు కట్టిన్రు, వారానికోసారి మార్చుకుంట పాదం కొంచెం కొంచెం పైకి తెచ్చిన్రు, తర్వాత ఏఎఫ్ఓలు, అంటే పాదం చీలమండ తిన్నగ పట్టి ఉంచే ప్లాస్టిక్ స్ప్లింట్లు, రోజూ నిలబడుడు, నడుసుడు. మా పక్క బెడ్ పిల్లగానికి గూడ అదే సూది ఏసిన్రు, వాళ్లు ఇంటికి వొయ్యి ఫిజియో బంద్ చేసిన్రు, ఏం ఫాయిదా కనవడలే.

ఇంకోటి అడుగుండ్రి డాక్టర్‌ని, మడమ దగ్గర ఉన్నది కండరం బిగుతా లేకపోతే కండరమే కురచ అయిందా అని. మెల్లగ వంచితే పాదం పైకి వస్తదంటే బోటాక్స్ పనిచేస్తది, ఎంత మెల్లగ వంచినా రాదంటే సూదితోని లాభం లేదు.

ఫిజియో_రాజమండ్రి

కరీంనగర్ అన్న చెప్పింది కరెక్ట్. నేను పిల్లల ఫిజియోథెరపిస్టుని, కొన్ని విషయాలు కలుపుతాను.

అమ్మా, లెవెల్ 3 అని రాశారంటే అది సీపీ ఉన్న పిల్లలు ఎంతవరకు కదలగలరో చెప్పే జీఎంఎఫ్‌సీఎస్ అనే కొలత, 1997లో కెనడాలో తయారు చేశారు, 1 నుంచి 5 దాకా ఉంటుంది, 5 అంటే అన్నిటికంటే ఎక్కువ ఇబ్బంది. లెవెల్ 3 అంటే వాకర్ లాంటిది పట్టుకుని ఇంట్లో, బడిలో నడిచే అవకాశం ఉన్న పిల్లలు, దూరాలకి చక్రాల కుర్చీ అవసరం పడొచ్చు. ఈ లెవెల్ పెద్దయ్యేకొద్దీ చాలామందిలో పెద్దగా మారదు, కాబట్టి "శాశ్వతంగా నయం" అని ఎవరైనా అంటే అక్కడే ఆగిపోండి. సీపీలో మెదడుకి తగిలిన దెబ్బ పోదు. కానీ ఆ లెవెల్ లోపల పిల్లాడు ఎంత నేర్చుకుంటాడన్నది మన చేతుల్లో చాలా ఉంది, కూర్చోవడం, నడవడం లాంటి పెద్ద కదలికల్లో ఎక్కువ భాగం ఐదేళ్లలోపే వచ్చేస్తుంది, అందుకే ఇప్పుడు టైం విలువైనది.

ఆస్ట్రేలియాలో అయోనా నోవాక్ అనే ఆవిడ టీం సీపీ ట్రీట్‌మెంట్ల మీద వచ్చిన పరిశోధనలన్నీ జల్లెడ పట్టి 2013లో ఒకసారి, 2020లో ఇంకోసారి వాటికి ట్రాఫిక్ లైట్ రంగులు ఇచ్చారు. పనిచేస్తుందని రుజువున్నవాటికి పచ్చలైటు, అది వేటికి పడిందంటే పిల్లాడు తనంతట తాను చేసే ప్రాక్టీసుకి, ఒక పని లక్ష్యంగా పెట్టుకుని దాన్నే మళ్లీ మళ్లీ చేయించడానికి, ఇంట్లో చేసే ప్రోగ్రాంకి, బోటాక్స్‌కి, ఒక చెయ్యి మాత్రమే బలహీనంగా ఉన్న పిల్లలకి బాగున్న చెయ్యిని కొంతసేపు కట్టేసి రెండోదాన్ని వాడించే పద్ధతికి. పడుకోబెట్టి కాళ్లు లాగడం వల్ల వచ్చేది తక్కువ. మీ బాబు మాటలు బాగా వచ్చినవాడు కాబట్టి వాడినే అడగండి ఏం చేయాలనుందో. కొట్లో కౌంటర్ దగ్గర నిలబడి చాక్లెట్లు ఇవ్వాలంటే అదే ఎక్సర్‌సైజు. స్టూలు మీంచి లేవడం, పట్టుకుని పక్కకి అడుగులు, ఇలా రోజంతా ముక్కలు ముక్కలుగా. అత్తగారి మర్దన మెల్లగా అయితే ఏం ఇబ్బంది లేదు, పిల్లాడికి హాయి, కాళ్లు గట్టిగా లాగి వంచొద్దని మాత్రం చెప్పండి.

అన్నిటికంటే ముఖ్యం, తుంటి ఎక్స్-రే తీయించారా? సీపీలో తొడ కండరాల బిగుతు వల్ల తుంటి కీలు నెమ్మదిగా పక్కకి జరుగుతుంది, మొదట్లో నొప్పి ఉండదు కాబట్టి బయటికి తెలియదు. లెవెల్ 3 పిల్లల్లో 40 శాతం పైనే, లెవెల్ 5లో 90 శాతం దాకా ఇది కనిపిస్తుందని ఆస్ట్రేలియా స్టడీలో వచ్చింది. ఎక్స్-రేలో తొడ ఎముక తల దాని గిన్నెలోంచి 30 శాతం మించి బయటికి జరిగితే ఆర్థోపెడిక్ వాళ్లు చూడాలి. ఎక్స్-రే ఖర్చు కొన్ని వందలే అమ్మా, బోటాక్స్ కంటే ముందు అది తీయించండి.

అబ్బు_అమ్మ_కర్నూలు

మా అబ్బుకి పదకొండేళ్లు. పుట్టినప్పుడు కామెర్లు బాగా ఎక్కువై మెదడుకి దెబ్బ తగిలింది, వాడిది వేరే రకం, డిస్కైనెటిక్ అంటారు, చేతులు కాళ్లు వాటంతట అవే మెలికలు తిరుగుతుంటాయి. మాకు ఫిజియో కంటే ఎక్కువ తేడా తెచ్చింది తిండి, మాట. తల వెనక్కి వాల్చి పాలు పోసేవాళ్లం, దగ్గు, నిమ్ము మాటిమాటికీ వచ్చేది, స్పీచ్ థెరపిస్ట్ మేడం వీపు నిటారుగా, గడ్డం కొంచెం కిందికి పెట్టి మెత్తగా, చిక్కగా ఉన్న ముద్దలు పెట్టడం నేర్పించాక ఆసుపత్రి పాలవడం బాగా తగ్గింది. మాట రాదు వాడికి, కానీ అన్నీ అర్థమవుతాయి, చూపుతో బొమ్మల బోర్డు మీద చూపిస్తాడు, అన్నం, బాత్రూం, నొప్పి, విసుగు, నాన్న. ఆ "నొప్పి" బొమ్మ పెట్టాకే పళ్ల నొప్పితో రాత్రుళ్లు ఏడుస్తున్నాడని తెలిసింది. బొమ్మలు పెడితే మాట రాదేమో అని భయపెడతారు చాలామంది, అలా ఏం జరగదు.

ఇంకొకటి, బిగుతు తగ్గడానికి బాక్లోఫెన్ వాడే వాళ్లు ఊరెళ్లినప్పుడు మందు అయిపోయిందని ఒక్కసారిగా ఆపేయకండి, ఫిట్స్ వచ్చేంత ప్రమాదం. తగ్గించాలంటే డాక్టర్ చెప్పినట్టు కొంచెం కొంచెం తగ్గించాల్సిందే.

నల్లగొండ_సురేష్

స్టెమ్ సెల్ సంగతి నేను చెప్తా. మా చిన్నమ్మ వాళ్లు బిడ్డకి చేయించిన్రు, పేరు వద్దు, బంగారం తాకట్టు పెట్టిన్రు, ఇంకో డోసు ఇంకో డోసు అన్నరు, బిడ్డ ఎట్లున్నదో అట్లనే ఉన్నది. ఐసీఎంఆర్ (కేంద్రం వైద్య పరిశోధన సంస్థ) 2017 గైడ్‌లైన్స్‌ల క్లియర్‌గ ఉన్నది, రక్త జబ్బుల్లాంటి కొన్నిటికి తప్ప ఇంకా దేనికి ఇచ్చినా అది రీసెర్చే, పర్మిషన్ ఉన్న ట్రయల్‌ల మాత్రమే ఇయ్యాలె, పేషెంట్ దగ్గర పైసలు తీసుకోవద్దు. మిమ్మల్ని డబ్బులు అడుగుతున్రు అంటేనే అర్థం చేసుకోండ్రి.

డల్లాస్_లక్ష్మి

సురేష్ గారు చెప్పింది నిజం. ఇక్కడ అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీలో బొడ్డుతాడు రక్తం మీద ట్రయల్స్ జరిగాయి, కానీ అది రీసెర్చ్, ఇంకా మామూలు ట్రీట్‌మెంట్ కాలేదు. ఆక్సిజన్ చాంబర్ అని కూడా అమ్ముతుంటారు, దాని మీద కెనడాలో 111 మంది పిల్లలతో పెద్ద ట్రయల్ చేసి 2001లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో వేశారు, ఆక్సిజన్ ఇచ్చిన గ్రూపు, కొంచెం ఒత్తిడి పెంచిన మామూలు గాలి ఇచ్చిన గ్రూపు, రెండూ ఒకేలా మెరుగయ్యాయి, అంటే ఆక్సిజన్ వల్ల అదనంగా వచ్చిందేమీ లేదు.

మా పాపకి ఎస్‌డీఆర్ అనే సర్జరీ చేయించాం, వెన్నుపాము దగ్గర బిగుతుకి కారణమయ్యే నరాల పోగులు కొన్నిటిని వెతికి కట్ చేస్తారు. డైప్లీజియా, లెవెల్ 2 లేదా 3, కాళ్లలో కాస్త బలం ఉన్న చిన్న పిల్లలకి ఎక్కువగా చూస్తారు. బిగుతు నిజంగానే తగ్గింది, కానీ ఆ బిగుతు మీదే నిలబడే పిల్ల కాబట్టి సర్జరీ తర్వాత కాళ్లు పీచులా అయిపోయాయి, నెలల తరబడి థెరపీ పట్టింది. కట్ చేసింది వెనక్కి రాదు, అందుకని ఒక్కరి మాట మీద ఒప్పుకోవద్దు.

వైజాగ్_శ్రీను

నాకు 32, డైప్లీజియా, బ్యాంకులో చేస్తున్నాను. పిల్లల తల్లిదండ్రులకి ఒక మాట. నాకు ఆరేళ్లకే రెండు మడమల వెనక స్నాయువులు (కండరాన్ని ఎముకకి కలిపే తాళ్లు) పొడవు చేసే ఆపరేషన్ చేశారు, మోకాళ్లు తుంటి ఎవరూ చూడలేదు, పెరిగేకొద్దీ మోకాళ్లు వంగిపోయి గొంతుకూర్చున్నట్టు నడవడం మొదలైంది. ఇప్పుడు మంచి సెంటర్లలో తుంటి, మోకాలు, మడమ అన్నీ కలిపి చూసి, నడక వీడియో తీసి, అవసరమైనవన్నీ ఒకేసారి చేస్తున్నారు, అది కూడా కాస్త పెద్దయ్యాక. ఒక్క మడమకే తొందరగా చేద్దాం అంటే ఇంకో ఆర్థో పిల్లల డాక్టర్‌కి చూపించండి.

ఇంకోటి, నడక కోసం నా చిన్నతనం అంతా పోయింది. సాయంత్రం ఫిజియో, ఆదివారం ఫిజియో, బడిలో అలిసిపోయి పడుకునేవాణ్ణి. సీపీ ఉన్న పెద్దవాళ్లలో చాలామందికి ఇరవైల్లో ముప్పైల్లో నొప్పులు, అలసట మొదలవుతాయి, నాకూ అంతే, ఇప్పుడు దూరాలకి వీల్‌చెయిర్ వాడతాను, ఆఫీసుకెళ్లేసరికి ఒంట్లో శక్తి మిగిలి ఉంటుంది.

కరీంనగర్_డాడీ

శ్రీను అన్నా మీ బాధ అర్థమైంది కానీ చిన్నప్పుడే వీల్‌చెయిర్ ఇస్తే పిల్లలు నడుసుడు మానేస్తరని భయం గదా మాకు?

వైజాగ్_శ్రీను

ఆ భయం మా నాన్నకీ ఉండేది అన్నా. ఇంట్లో, క్లాసులో వాకర్, జాతరకో బీచ్‌కో వెళ్తే కుర్చీ. రెండూ ఉండొచ్చు. మీ పాప ఫ్రెండ్స్‌తో సమానంగా వెళ్లగలగడం కూడా చూడాలి కదా.

భవిత_టీచర్_ఏలూరు

గూడెం అమ్మగారూ, డబ్బు లేకుండా ఏమేం దొరుకుతాయో చెప్తాను. జిల్లా ఆసుపత్రిలో డీఈఐసీ సెంటర్ (పిల్లల్లో ఎదుగుదల సమస్యల్ని చిన్నప్పుడే చూసే కేంద్రం) ఉంటుంది, ఆర్‌బీఎస్‌కే అనే పిల్లల ఆరోగ్య పథకం కింద పుట్టినప్పటి నుంచి 18 ఏళ్ల వరకు పిల్లల్ని చూస్తారు, ఫిజియో, స్పీచ్ అక్కడే. మండలంలో భవిత సెంటర్ (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వ కేంద్రం) ఉంటే వెళ్లి అక్కడి ఐఈఆర్‌పీ టీచర్‌ని, అంటే ఆ పిల్లల ప్రత్యేక టీచర్‌ని కలవండి, ఫిజియో వాళ్లు వారంలో ఏ రోజు వస్తారో చెప్తారు. వైకల్యం ఎంత శాతమో తేల్చి సర్టిఫికెట్ ఇచ్చే సదరం క్యాంపు స్లాట్ సచివాలయంలో బుక్ చేయించుకోండి, 40 శాతం, ఆపైన వస్తే పెన్షన్‌కి అప్లై చేయొచ్చు, ఆంధ్రాలో 6,000, పూర్తిగా మంచానికో చక్రాల కుర్చీకో పరిమితమైతే 15,000, తెలంగాణలో 4,016. యూడీఐడీ కార్డు (దివ్యాంగుల గుర్తింపు కార్డు) తప్పకుండా తీసుకోండి.

కేంద్ర ప్రభుత్వ సంస్థ నేషనల్ ట్రస్ట్ వాళ్ల నిరామయ ఇన్సూరెన్స్ గురించి చాలామందికి తెలియదు, సీపీ ఉన్నవాళ్లకి ఏడాదికి లక్ష రూపాయల వరకు, ముందు మెడికల్ టెస్టులేవీ ఉండవు, థెరపీ బిల్లులకీ వస్తుంది. బిల్లులు, ప్రిస్క్రిప్షన్లు అన్నీ ఒక ఫైల్లో పెట్టుకోండి. రేపు బడికెళ్లి రాసేటప్పుడు చెయ్యి నెమ్మదైతే పరీక్షల్లో గంటకి 20 నిమిషాలు అదనం, తన బదులు రాసిపెట్టే స్క్రైబ్ కూడా ఉంటారు.

గూడెం_అమ్మ

అందరికీ చేతులెత్తి దండం అండి. మావయ్యగారికి ఇదంతా చదివి వినిపించాను, పొలం మాట పక్కన పెట్టారు. తుంటి ఎక్స్-రే ఇప్పటిదాకా ఎవరూ రాయలేదు, సోమవారం వెళ్తున్నాం. అది చూపించాక బోటాక్స్ డేట్ మాట్లాడతాం. ఒక్క డౌటు, ఏఎఫ్ఓలు ఇదివరకే ఇచ్చారు కానీ ఈ ఎండకి చెమట పట్టి పాదాలు ఎర్రగా అవుతున్నాయి, వేస్తే ఏడుస్తున్నాడు. తీసేయాలా?

ఫిజియో_రాజమండ్రి

ఎక్స్-రేలో పిల్లాణ్ణి వెల్లకిలా, కాళ్లు తిన్నగా, మోకాలి చిప్పలు పైకి ఉండేలా పడుకోబెట్టమని చెప్పండి, కాళ్లు ఒకదాని మీద ఒకటి ఉంటే కొలత తప్పొస్తుంది.

ఏఎఫ్ఓ లోపల మోకాలి దాకా ఉండే పల్చటి కాటన్ సాక్స్, ముడతలు లేకుండా, తడిస్తే మార్చండి. మడమ పూర్తిగా వెనక్కి ఆనాకే చీలమండ దగ్గర బెల్టు ముందు బిగించండి. తీశాక ఎర్రమచ్చ అరగంటలోపు పోతే పర్వాలేదు. పోకపోతే, లేదా ఎముక మీద బొబ్బ వస్తే, వేయడం ఆపి, ఏఎఫ్ఓ తయారు చేసినవాళ్ల దగ్గరికే తీసుకెళ్లండి, వేడి చేసి ఆ చోట కొంచెం వెడల్పు చేస్తారు. పిల్లాడు పెరిగి చిన్నవైపోయి ఉండొచ్చు కూడా, వేళ్లు ప్లాస్టిక్ అంచు దాటాయేమో చూడండి. బోటాక్స్ వేయిస్తే ఎలాగూ పాదం పొజిషన్ మారుతుంది, కొత్త కొలతలు అప్పుడే తీయించుకుంటే రెండుసార్లు ఖర్చు తప్పుతుంది.