ఫ్రాన్స్ పోస్ట్ బొమ్మల్లో బ్రెజిల్‌లో వేసినవేవి, ఇంటికొచ్చాక వేసినవేవి? అదే పద్ధతిలో గోల్కొండ వేయాలంటే?

బాలాహిస్సార్ బ్రష్:
అందరికీ నమస్తే. మా ఆదివారం బృందానికి డచ్ ప్రకృతి చిత్రకారుడు ఫ్రాన్స్ పోస్ట్ మీద ఒక పూట క్లాసు పెట్టి, ఆ తర్వాత గోల్కొండ దగ్గర ఆయన పద్ధతిలోనే ఒక బొమ్మ వేయిద్దామని ఆలోచన. ఆయన 1637లో బ్రెజిల్ చేరి 1644లో వెనక్కి వచ్చాడని చదివాం. కానీ నెట్‌లో ఏ బొమ్మ చూసినా కింద "బ్రెజిల్ దృశ్యం" అనే ఉంటోంది. అక్కడే ఉండి వేసినవి చూడగానే పట్టుకోవడం ఎలా? పలక, రంగులు ఇక్కడ దొరికేవాటిలో ఏవి వాడాలి? మొదలుపెట్టేసరికి వానలు పడుతుంటాయి. ఇంకొకటి, మచిలీపట్నంలో ఉన్న డచ్ కంపెనీయే ఈయన్ని పంపిందా?

పాతగోడ:
ముందు కంపెనీ సంగతి. 1605 నుంచి మచిలీపట్నంలో బట్టల వ్యాపారం చేసింది డచ్ తూర్పు ఇండియా కంపెనీ. పోస్ట్‌ ఎవరి వెంట వెళ్ళాడో ఆ యోహాన్ మౌరిట్స్, డచ్ పశ్చిమ ఇండియా కంపెనీ బ్రెజిల్‌కి నియమించిన గవర్నరు. రెండూ వేర్వేరు సంస్థలు. పోస్ట్ బ్రెజిల్‌లో ఉన్న ఏళ్ళలో ఇక్కడ అబ్దుల్లా కుతుబ్ షా పాలన నడుస్తోంది. క్లాసులో ఆ ముక్క చెబితే కాలం బాగా గుర్తుంటుంది.

పోస్ట్ 1612లో నెదర్లాండ్స్‌లోని హార్లెమ్‌లో పుట్టాడు. తండ్రి గాజు మీద బొమ్మలు వేసేవాడు, అన్న పీటర్ పోస్ట్ వాస్తుశిల్పి. హేగ్‌లో మౌరిట్స్ కట్టించుకున్న ఇల్లే ఇప్పటి మౌరిట్స్‌హౌస్ మ్యూజియం. యాకబ్ వాన్ కాంపెన్‌తో కలిసి ఆ పనిలో పీటర్ కూడా ఉన్నాడు కాబట్టి తమ్ముడికి ఉద్యోగం అటునుంచే వచ్చి ఉంటుంది. 1636 అక్టోబరులో ఓడెక్కి 1637 జనవరిలో బ్రెజిల్ రేవు రెసిఫే చేరారు. మౌరిట్స్ కొలువులోనే మనుషుల్ని, కాయల్ని వేయడానికి అల్బర్ట్ ఎక్‌హౌట్, జీవజాతులు రాసుకోవడానికి మార్క్‌గ్రాఫ్, వైద్యుడిగా పీసో ఉన్నారు. కోటలు, రేవులు, ఊళ్ళు, నదులు పోస్ట్ వంతు.

ఇక గుర్తుపట్టడం. ఆయనవని లెక్కకొచ్చిన తైలవర్ణ చిత్రాలు 150 దాకా ఉంటే, బ్రెజిల్‌లోనే వేసినవాటిలో మిగిలినవి ఏడే. వాటి తేదీలు 1637-1640 మధ్యవి. అన్నిటికంటే ముందుది ఇటమరకా దీవి బొమ్మ. నాలుగు పారిస్‌లోని లూవ్ర్ మ్యూజియంలో ఉన్నాయి. మౌరిట్స్ 1679లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీకి ఇచ్చిన కానుకల్లోంచి వచ్చినవి అవి.

తేదీ కనిపించకపోతే బొమ్మ అడుగుభాగం చూడండి. అక్కడ వేసినవాటిలో ముందుభాగం దాదాపు ఖాళీ. సావో ఫ్రాన్సిస్కో నది బొమ్మనే తీసుకోండి: ఇటు ఒడ్డున ఒక జెముడు చెట్టు, దాని దగ్గర మేస్తున్న ఒక కాపిబారా (పందంత ఉండే ఎలుకజాతి జంతువు), ఆపైన చదునుగా నీళ్ళు, అవతలి ఒడ్డున వేలిగోరంత కోట. మిగతాదంతా మబ్బు పట్టిన ఆకాశమే. రంగులు కూడా బూడిద, మట్టి, మాసిన ఆకుపచ్చ, అంతే.

హార్లెమ్‌లో వేసినవాటికి ఇది పూర్తిగా ఎదురు. ఒక పక్క నల్లటి ముందుభాగంలో తాటిజాతి చెట్టు నిలబెడతాడు, దాని కింద అనాస, బొప్పాయి, అలుగులాంటి ఆర్మడిల్లో, చీమలు తినే జంతువు, తొండ, పాము అన్నీ కుప్ప. నడుమ చెరుకు గానుగ గానీ శిథిలమైన చర్చి గానీ, చివర నీలిరంగు కొండలు. ఆమ్‌స్టర్‌డామ్ రైక్స్ మ్యూజియంలో 1662 నాటి ఒలిందా (బ్రెజిల్‌లో ఒక ఊరు) బొమ్మ ఇందుకు మంచి నమూనా. 1654లో బ్రెజిల్ డచ్చివాళ్ళ చెయ్యి జారింది, అయినా కొనేవాళ్ళకి "అక్కడి వింత" కావాలి. ఆ జంతువులన్నీ కల్పన అనుకోకండి. హార్లెమ్‌లోని ఆర్కైవులో ఆయన జంతువుల డ్రాయింగులు 34 బయటపడ్డాయి, 2016లో ప్రదర్శించారు. వాటిని దగ్గర పెట్టుకునే ఏళ్ళ తరబడి బొమ్మలు నింపాడు.

నా మటుకు ఆ ఏడింటి ముందు తర్వాతి నూటచిల్లర తేలిపోతాయి. కానీ క్లాసులో రెండు రకాలూ పక్కపక్కన చూపించండి, తేడా పిల్లలే చెప్పేస్తారు.

రంగులడబ్బా:
సామాను సంగతి నేను చెబుతా. ఇటమరకా బొమ్మ సుమారు 64 × 89 సెం.మీ. మీకు 30 × 42 పెట్టుకుంటే అదే నిష్పత్తి వస్తుంది. 6 మి.మీ. మెరైన్ ప్లై కోయించండి. యాక్రిలిక్ గెస్సో (రంగుకి ముందు పలకకి వేసే తెల్లటి పూత) ముందు మూడు పూతలు, వెనక కూడా రెండు, అంచులకీ రాయాలి. వెనక వదిలేస్తే వానల్లో ఆ వైపు తేమ పీల్చుకుని పలక వంగుతుంది. ఒక పూత అడ్డంగా, తర్వాతిది నిలువుగా, మధ్యమధ్య 320 నంబరు గరుకు కాగితం. చివరి పూత తర్వాత మూడు రోజులు ఆగాకే నూనెరంగు. ఆ కాలంవాళ్ళు వాడిన సుద్ద, జంతువుల జిగురు పూత వానాకాలంలో జోలికెళ్ళొద్దు, జిగురు మెత్తబడి బూజు పట్టేస్తుంది.

దాని మీద బర్న్‌ట్ అంబర్‌లో (ముదురు గోధుమ మట్టిరంగు) కొంచెం పసుపు ఓకర్ (పసుపు మట్టిరంగు) కలిపి టర్పెంటైన్‌తో పల్చగా పూసి గుడ్డతో తుడిచేయండి. తేనెరంగు మరక మిగిలితే చాలు. హార్లెమ్‌వాళ్ళ బొమ్మల్లో వెచ్చదనం ఈ అడుగు పొరదే.

ట్యూబులు ఆరు చాలు: టైటానియం వైట్, పసుపు ఓకర్, బర్న్‌ట్ అంబర్, కోబాల్ట్ బ్లూ, నలుపు, పారదర్శక ఐరన్ ఆక్సైడ్ పసుపు. వైట్ ట్యూబు మీద పీడబ్ల్యూ 4 అని ఉంటే అందులో జింక్ ఉన్నట్టు, నూనెలో అది ఏళ్ళు గడిచేకొద్దీ పెళుసై పగులుతుంది. వద్దు.

ఒక జాగ్రత్త. ప్రింట్లలో ఆ కాలపు ఆకులు కొన్నిచోట్ల నీలంగా కనిపిస్తాయి. అప్పట్లో నీలం మీద మొక్కల నుంచి తీసిన పసుపు కలిపి ఆకుపచ్చ చేసేవాళ్ళు, ఆ పసుపు వెలుతురుకి ఎగిరిపోయి నీలం మిగిలింది. దాన్ని చూసి నీలం ఆకులు వేయకండి.

వేసే వరుస: ఆకాశం, దూరం, నడుమ, చివరికి ముందుభాగం. ఆకాశం పూర్తిగా పరిచాకే దాని మీద ఆకులు పడాలి, ఆకుల చుట్టూ ఆకాశం దిద్దితే కత్తిరించి అతికించినట్టుంటుంది. మొదటి పొరలో టర్పెంటైన్, రెండోది ఉత్త రంగు, మూడోదాంట్లోనే లిన్‌సీడ్ (అవిసె) నూనె నాలుగు చుక్కలు. తిరగేస్తే పైపొర ముందే ఎండిపోతుంది, కింది పొర ఇంకా కదులుతుంటుంది, అప్పుడే పగుళ్ళు. అంబర్ ఒకటి రెండు రోజుల్లో ఆరుతుంది, టైటానియం వైట్, నలుపు వానల్లో వారం పట్టొచ్చు. అందుకే నలుపు మందంగా పూసి దాని మీద అంబర్ వేయొద్దు.

గండిపేట గట్టు:
స్థలం గురించి చిన్న మాట అన్నా. గోల్కొండ కొండని దగ్గర్నించి వేయిస్తే పోస్ట్ రాడు. ఆయన బొమ్మకి ప్రాణం కిందికి దిగిన అడ్డగీత, ఎదురుగా నీళ్ళు. ఉస్మాన్ సాగర్ గట్టు మీద నిలబడితే అది మొత్తం దొరుకుతది. గోల్కొండే కావాలంటే కుతుబ్ షాహీ సమాధుల వైపు దూరం జరిగి, కోట బొమ్మ ఎత్తులో పదో వంతు దాటకుండా చూసుకోండి. క్షితిజరేఖ కింది నుంచి ఐదింట రెండు వంతుల దగ్గర. ముందు ఒక బండ, ఒక నాగజెముడు పొద పెడితే సరిపోతది, అదీ అమెరికా ఖండం నుంచి వచ్చిందే కదా. అక్కడ రంగులు తీయొద్దు. పెన్సిలు డ్రాయింగు, పక్కన తేదీ, టైం, ఎండ ఎటునుంచి పడుతున్నదో రాసుకుని రంగు ఇంటికాడ వేయండి.

అలివేలు మంగ:
మనుషుల విషయం దాటేయకండి. ఇటమరకా బొమ్మలో గుర్రాల పక్కన నడిచేవాళ్ళు ఆఫ్రికా నుంచి తెచ్చిన బానిసలు. ఆ బానిసల వ్యాపారం కోసమే మౌరిట్స్ 1637లో ఓడలు పంపి పశ్చిమాఫ్రికాలో ఎల్మినా కోట పట్టించాడు. పోస్ట్ తర్వాతి బొమ్మల్లో గానుగల దగ్గర వాళ్ళు ఉతికిన బట్టల్లో, తీరిగ్గా కబుర్లు చెప్పుకుంటూ ఉంటారు. చెరుకు గానుగలో పని అలా ఉండదు. గీత ఎంత నిక్కచ్చిగా ఉన్నా, ఈ భాగంలో ఆయన కొనేవాళ్ళకి కావాల్సిందే వేశాడు. క్లాసులో ఇది కూడా చెప్పాలి.

చివరి రోజుల్లో తాగుడుకి పడి చేతులు వణికేవట. 1679లో కానుక బొమ్మల్ని లూయీకి వివరించడానికి ఆయన్ని పంపుదామనుకుని మానేసింది అందుకే. 1680 ఫిబ్రవరిలో హార్లెమ్‌లోనే పోయాడు. ముఖం చూపించాలంటే ఫ్రాన్స్ హాల్స్ వేసిన ఆయన చిత్తరువు అమెరికాలో వూస్టర్ మ్యూజియంలో ఉంది.

బాలాహిస్సార్ బ్రష్:
అందరికీ థాంక్స్ అండీ. రంగులడబ్బా గారూ, తడి పలకలు చీకటి గదిలో పేర్చి పెట్టొచ్చా? పన్నెండు పలకలుంటాయి.

రంగులడబ్బా:
పేర్చొద్దు. గోడకి ఆనించి, ఒక్కోదానికి నాలుగు వేళ్ళ ఎడం వదిలి, ఫ్యాను నెమ్మదిగా తిప్పండి. చీకట్లో ఆరితే లిన్‌సీడ్ నూనె పచ్చబడుతుంది. అలా అయితే కిటికీ వెలుతుర్లో కొన్నాళ్ళు పెట్టండి, చాలామటుకు తగ్గుతుంది. నూనె తుడిచిన గుడ్డలు మాత్రం ఉండ చుట్టి మూల పడేయకండి, వాటంతటవే వేడెక్కి అంటుకుంటాయి. నీళ్ళున్న రేకు డబ్బాలో వేసి మూత పెట్టండి.