ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల మెదడులో తేడా ఉంటే అది స్కానింగ్‌లో కనిపించాలి కదా?

ప్రశ్న: ఒక తల్లి, కాకినాడ

మా బాబుకు ఎనిమిదేళ్లు, మూడో తరగతి చదువుతున్నాడు. బోర్డు మీది లెక్కను నోటుబుక్కులోకి ఎక్కించుకునేలోపు రెండుసార్లు పెన్సిల్ చెక్కుకుంటాడు, పక్కవాడి రబ్బరు లాక్కుంటాడు, చివరికి సగం అంకెలు వదిలేసి తరువాతి లెక్క మొదలుపెడతాడు. ఇంట్లో అన్నానికి కూర్చుంటే నాలుగు ముద్దలకోసారి లేచి ఒక చుట్టు తిరిగి వస్తాడు. అదే పిల్లవాడు క్యారమ్స్ బోర్డు ముందు గంటసేపు కదలకుండా కూర్చుంటాడు. అందుకే మా అత్తగారు వాడికి ఏ జబ్బూ లేదని, ఉన్నదంతా మొండితనమేనని, వయసొస్తే అదే సర్దుకుంటుందని అంటారు. పిల్లల డాక్టరు గారు మాత్రం ఏడీహెచ్‌డీ (ఏకాగ్రత లోపం, అతి చురుకుదనం ఉండే సమస్య) కావచ్చని చెప్పి మానసిక వైద్యులకు చూపించమన్నారు. ఈలోగా తెలిసినవారు చెప్పిన ఒక కేంద్రానికి వెళితే, తలకు వైర్ల టోపీ పెట్టి ‘బ్రెయిన్ మ్యాపింగ్’ చేసి, ఆపైన ఎంఆర్‌ఐ కూడా తీస్తే మెదడులో ఏ భాగం సరిగా లేదో తేలిపోతుందన్నారు.

ఇలాంటి పిల్లల మెదడు నిర్మాణంలోనే తేడా ఉంటుందని నేను చాలాచోట్ల చదివాను. నిజంగా తేడా ఉంటే అది స్కానింగ్‌లో కనిపించాలి కదా? కనిపించకపోతే మా అత్తగారి మాటే నిజమనుకోవాలా?

జవాబు: పిల్లల మనోవైద్యుడు, హైదరాబాద్

అమ్మా, తేడా ఉన్న మాట నిజమే. దాన్ని ఒక్క పిల్లవాడి స్కానింగ్ చూసి చెప్పలేమన్నదీ నిజమే. పరిశోధనల్లో దొరికిన తేడాలన్నీ ఎంతోమంది పిల్లల సగటును మరెంతోమంది సగటుతో పోల్చినప్పుడు తేలినవి కాబట్టి, ఈ రెండు మాటలూ ఒకదానికొకటి అడ్డురావు.

2017లో ‘ఎనిగ్మా’ అనే అంతర్జాతీయ పరిశోధక బృందం ఏడీహెచ్‌డీ ఉన్న 1713 మంది, లేని 1529 మంది ఎంఆర్‌ఐ చిత్రాలను పోల్చింది. మెదడు లోపలి భాగాలైన అమిగ్డలా, అక్యుంబెన్స్, పుటామెన్, కాడేట్, హిప్పోక్యాంపస్‌ల పరిమాణం ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో సగటున కొద్దిగా తక్కువగా ఉంది. ఆ తేడా పెద్దవారిలో కంటే పిల్లల్లో స్పష్టంగా కనిపించింది. అయితే అన్నిటిలోకీ పెద్దదైన అమిగ్డలా తేడా కూడా ప్రామాణిక విచలనంలో (ఒక గుంపులోని వారి మధ్య మామూలుగా ఉండే హెచ్చుతగ్గుల కొలతలో) 0.19 వంతు మాత్రమే. ఎనిమిదేళ్ల పిల్లల ఎత్తు లెక్కలో చెప్పాలంటే, రెండు సెక్షన్ల సగటు ఎత్తుల మధ్య ఇంచుమించు ఒక సెంటీమీటరు తేడా ఉండడం లాంటిది. ఒక పిల్లవాడి ఎత్తు కొలిచి వాడు ఏ సెక్షనో చెప్పమంటే ఎవరు చెప్పగలరు?

ఇక నిర్మాణానికీ ప్రవర్తనకూ ఉన్న సంబంధం ‘ఫలానా భాగం చిన్నది, అందుకే కుదురు లేదు’ అన్నంత సూటిగా ఉండదు. నుదుటి వెనక ఉండే ప్రీఫ్రంటల్ కార్టెక్స్, లోపల ఉండే కాడేట్, పుటామెన్, అక్యుంబెన్స్‌లు, తల వెనక ఉండే చిన్న మెదడు కలిసి పనిచేసే వలయాలు కొన్ని ఉన్నాయి. చేయబోయిన పనిని ఆపుకోవడం, తరువాత రాబోయే ఫలితం కోసం ఇప్పుడు ఓపిక పట్టడం ఈ వలయాల మీద చాలావరకు ఆధారపడతాయి. క్యారమ్స్‌లో కాయ పడిందో లేదో క్షణంలో తెలుస్తుంది, లెక్కల నోటుబుక్కులో టిక్కు పడేది ఎప్పుడో మరునాడు. ఫలితం వెంటనే దక్కే పనిలో కుదురుగా ఉండి, ఆలస్యంగా దక్కే పనిలో జారిపోవడం ఏడీహెచ్‌డీ ఉన్న పిల్లల్లో తరచుగా చూసేదే కనుక, క్యారమ్స్ ముందు కుదురును మొండితనానికి రుజువుగా తీసుకోకూడదు.

వయసొస్తే సర్దుకుంటుందన్న మీ అత్తగారి మాటలో మాత్రం కొంత నిజం ఉంది. అమెరికా జాతీయ మానసిక ఆరోగ్య సంస్థలో ఫిలిప్ షా బృందం ఏడీహెచ్‌డీ ఉన్న 223 మంది పిల్లలనూ, లేని మరో 223 మందినీ పరిశీలించి 2007లో ఫలితాలు ప్రచురించింది. పిల్లలు ఎదుగుతున్నప్పుడు మెదడు పై పొర అయిన కార్టెక్స్ మొదట మందమవుతుంది, ఒక దశ దాటాక పలచబడుతుంది. కార్టెక్స్‌లో సగం భాగం ఆ గరిష్ఠ మందానికి చేరే వయసు మామూలు పిల్లల్లో సుమారు 7.5 ఏళ్లు కాగా, ఏడీహెచ్‌డీ ఉన్నవారిలో 10.5 ఏళ్లు. ఏ భాగం ముందు, ఏ భాగం తరువాత అన్న వరుస రెండు గుంపుల్లోనూ దాదాపు ఒకటే. ఆలస్యం ఎక్కువగా కనిపించింది నిగ్రహానికి, ఏకాగ్రతకు సంబంధించిన ముందు భాగంలో. విచిత్రమేమిటంటే, కదలికలను నడిపించే మోటార్ కార్టెక్స్ మాత్రం ఏడీహెచ్‌డీ పిల్లల్లో కాస్త ముందే పరిణతి చెందింది. కదిలించే భాగం ముందుగా, ఆపే భాగం ఆలస్యంగా ఎదగడం వల్లనే ఈ పిల్లల్లో కుదురు లేకపోవచ్చునని ఆ పరిశోధకులు ఊహించారు. అది ఊహే, కానీ నాకు సబబుగా తోచిన ఊహ.

అలాగని మూడేళ్లు ఆగితే అంతా సర్దుకుంటుందని దీని అర్థం కాదు. ఒంటిని నిలువనీయని చురుకుదనం వయసుతో చాలామందిలో తగ్గుతుంది. ఏకాగ్రత లోపం, పనులు సగంలో వదిలేయడం మాత్రం ఎంతోమందిలో పెద్దయ్యాక కూడా మిగులుతాయి.

జవాబు: రేడియాలజీ పీజీ విద్యార్థిని

డాక్టరు గారు చెప్పినదానికి మా విభాగం వైపు నుంచి ఒక్క విషయం చేర్చాలి. ఎంఆర్‌ఐ యంత్రంలో తల కదిలితే చిత్రం మసకబారుతుందని అందరికీ తెలుసు. కంటికి తెలియనంత చిన్న కదలిక వల్ల కూడా కంప్యూటర్ లెక్కగట్టే కార్టెక్స్ మందం ఉన్నదానికంటే తక్కువగా వస్తుందన్నది అంతగా తెలియదు. కుదురుగా ఉండలేకపోవడమే సమస్య అయిన పిల్లలు ఆ గొట్టంలో ఎక్కువగా కదులుతారు కనుక, పరిశోధనల్లో కనిపించిన తేడాలో కొంత ఆ కదలికదేనేమోనన్న అనుమానం ఎప్పుడూ ఉంటుంది. మంచి పరిశోధకులు అలాంటి చిత్రాలను పక్కన పెడతారు. మామూలు ఆసుపత్రిలో తీసిన ఎంఆర్‌ఐకి మేము రాసే రిపోర్టులో ఈ మందాల లెక్కలు అసలు ఉండవు. గడ్డ, నీరు చేరడం, పాత గాయం, పుట్టుకతో వచ్చిన లోపం వంటివి ఉన్నాయా అని చూస్తాం. మీ బాబుకు తీసినా ‘నార్మల్’ అనే రావచ్చు, దానివల్ల ఏడీహెచ్‌డీ లేదని తేలదు. పైగా ఆ వయసు పిల్లలు కొందరికి మత్తు ఇవ్వవలసి వస్తుంది. ఫిట్స్, తలకు దెబ్బ, ఒక పక్క బలహీనత, వచ్చిన మాటలూ నడకా వెనక్కి పోవడం లాంటివి ఉంటే అప్పుడు ఎంఆర్‌ఐ తప్పక తీయించాలి. అది వేరే కారణాలను వెతకడానికి.

జవాబు: ప్రాథమిక పాఠశాల టీచర్, ఖమ్మం జిల్లా

డాక్టరు గారూ, మూడేళ్ల ఆలస్యం అన్నారు కాబట్టి అడుగుతున్నాను. మా బడిలో ఇలాంటి పిల్లలు కనిపించినప్పుడు మరో ఏడాది అదే తరగతిలో ఉంచితే మెదడు అందుకుంటుందని కొందరు తల్లిదండ్రులు కోరుతున్నారు. అది సరైనదేనా?

జవాబు: పిల్లల మనోవైద్యుడు, హైదరాబాద్

టీచర్ గారూ, ఆ మూడేళ్లు కార్టెక్స్ మందానికి సంబంధించిన సగటు మాత్రమే. దాని ఆధారంగా ఏ పిల్లవాడినీ తరగతి వెనక్కి నెట్టడాన్ని నేను సమర్థించను. అయితే మీ ప్రశ్నలో వయసు ప్రస్తావన ఉంది కాబట్టి ఒక మాట. కెనడాలోని బ్రిటిష్ కొలంబియాలో తొమ్మిది లక్షలకు పైగా పిల్లల రికార్డులను పరిశీలించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో, జనవరిలో పుట్టిన అబ్బాయిల కంటే డిసెంబరులో పుట్టిన అబ్బాయిలకు ఏడీహెచ్‌డీ అని నిర్ధారించడం 30 శాతం ఎక్కువగా జరిగినట్టు తేలింది. అక్కడ తరగతి కటాఫ్ డిసెంబరు 31, అంటే డిసెంబరు పిల్లలు తరగతిలో అందరికంటే చిన్నవాళ్లు. చిన్నవాడి ప్రవర్తనను తనకంటే పదకొండు నెలలు పెద్దవాళ్లతో పోల్చి చూస్తే తేడా కనిపించక మానదు. మన దగ్గర ఐదు నిండీ నిండకముందే ఒకటో తరగతిలో కూర్చోబెట్టే ఇళ్లు తక్కువేమీ కాదు. పిల్లవాడి ప్రవర్తన గురించి డాక్టరుకు ఇచ్చే ఫారం నింపేటప్పుడు వాడి అసలు వయసు, తరగతి సగటు వయసు రెండూ రాస్తే మాకు చాలా ఉపయోగం.

మళ్లీ ప్రశ్న: కాకినాడ తల్లి

అందరికీ ధన్యవాదాలు. మా బాబు కూడా తరగతిలో చిన్నవాడే, ఈ సంగతి డాక్టరుకు తప్పక చెబుతాను. ఒకవేళ మందులు వాడమంటే వాటి వల్లనే మెదడు కుంచించుకుపోతుందని ఒక బంధువు భయపెట్టారు. అది నిజమా?

జవాబు: పిల్లల మనోవైద్యుడు, హైదరాబాద్

ఈ భయానికి సూటిగా జవాబు చెప్పే ఒక పాత పరిశోధన ఉంది. ఫ్రాన్సిస్కో జేవియర్ కాస్టెల్లానోస్ బృందం 2002లో ఏడీహెచ్‌డీ ఉన్న 152 మందిని, లేని 139 మందిని పోల్చింది. ఆ 152 మందిలో 49 మంది అప్పటికి మందు ముట్టనివారు. మందే కారణమైతే వీరి మెదడు పరిమాణం మామూలుగా ఉండాలి. కానీ వీరిలోనూ అది తక్కువగానే ఉంది, మెదడు భాగాలను కలిపే నరాల పోగులుండే తెల్ల పదార్థం అయితే మందు వాడినవారి కంటే కూడా తక్కువగా ఉంది. దీన్నిబట్టి మందు మెదడును పెంచుతుందని చెప్పడానికి వీల్లేదు, ఎందుకంటే ఎవరికి మందు ఇవ్వాలన్నది చీటీలు తీసి నిర్ణయించినది కాదు. కుంచించుకుపోవడానికి మందు కారణం కాదన్నంతవరకు మాత్రం ఆధారం గట్టిదే. ఆ అధ్యయనంలోనే కాడేట్ తేడా కౌమారం నాటికి చెరిగిపోయింది, మిగతా భాగాల్లో తేడాలు అలాగే ఉండిపోయాయి. మందు వాడితే ఆకలి, నిద్ర, ఎత్తు, బరువు, గుండె వేగం గమనించుకోవాలి. మీ డాక్టరును అడగవలసింది ఆ సంగతి.

బ్రెయిన్ మ్యాపింగ్‌కు పెట్టే డబ్బు మిగుల్చుకోండి. నిర్ధారణ ప్రవర్తనను బట్టే జరుగుతుంది: ఏకాగ్రత లోపానికి తొమ్మిది, అతి చురుకుదనం, తొందరపాటులకు కలిపి తొమ్మిది లక్షణాలుంటాయి, ఏదో ఒక జాబితాలో కనీసం ఆరు ఉండాలి, అవి పన్నెండేళ్లకు ముందే మొదలై ఆరు నెలలకు తక్కువ కాకుండా, ఇల్లు, బడి వంటి రెండు చోట్లయినా కనిపించి ఇబ్బంది పెడుతూ ఉండాలి. వెళ్లేటప్పుడు క్లాస్ టీచర్ రాసిచ్చిన కాగితం, బాబు లెక్కల నోటుబుక్కు, చూపు, వినికిడి పరీక్షల రిపోర్టులు తీసుకువెళ్లండి. వీలైతే మీ అత్తగారిని కూడా తీసుకువెళ్లండి. ఇంట్లో వాడిని రోజంతా చూసేది ఆవిడే అయితే, డాక్టరుకు కావలసిన సమాచారం ఆవిడ దగ్గరే ఎక్కువ ఉంటుంది.