రేటు లైగాండ్ గాఢతను బట్టి పెరుగుతోంది, అయినా అసోసియేటివ్ కాదంటున్నారు, ఎందుకు?

ఎమ్మెస్సీ ఫస్టియర్:
అందరికీ నమస్కారం. నాలుగు రోజులుగా ఇదే టెన్షన్. ఆరు నీటి అణువులున్న నికెల్(2+) అయాన్‌లో ఒక నీరు పోయి అమోనియా చేరే చర్య గురించి అసైన్‌మెంట్ ఇచ్చారు. ఇచ్చిన డేటాలో అమోనియా గాఢత రెట్టింపైతే రేటూ రెట్టింపవుతోంది, గ్రాఫ్ గీస్తే చక్కగా సరళరేఖ వచ్చింది. వచ్చే లైగాండ్ (లోహానికి అతుక్కునే అణువు లేదా అయాన్, ఇక్కడ అమోనియా) రేటు సమీకరణంలో ఉందంటే అసలు మెట్టులో దాని చెయ్యి ఉన్నట్టే కదా అని అసోసియేటివ్ (వచ్చేది ముందు చేరాక పాతది పోయే పద్ధతి) అని రాశాను. మా సార్ అది కొట్టేసి "డిసోసియేటివ్ ఇంటర్‌చేంజ్, ఈగెన్–విల్కిన్స్ చదువు" అని రాశారు, అంటే పాత నీరు వదలడమే వేగాన్ని నిర్ణయిస్తుందని, ఇలాంటి చర్యల రేటుకి ఈగెన్, విల్కిన్స్ ఇచ్చిన వివరణ చదవమని. చదివాను. సమీకరణం చూడకుండా రాయగలను, కానీ నా సరళరేఖ ఎందుకు సాక్ష్యం కాదో మాత్రం బుర్రకెక్కలేదు. ఎవరైనా చెప్పండి, ప్లీజ్.

స్పటికం:
మీ గ్రాఫ్ తప్పు కాదండీ, దాన్నుంచి మీరు తీసిన అర్థమే తప్పు. ద్రావణంలో అమోనియా వచ్చీ రాగానే నికెల్‌తో బంధం కట్టదు. ముందు నీటి అణువుల వలయానికి బయట, ఆనుకుని నిలబడుతుంది. ఇది చాలా వేగంగా జరిగే సమతాస్థితి. ఆ తర్వాతే లోపలి నీరు ఒకటి వదులై బయటికి పోతుంది, ఆ పక్కనే ఉన్నవాళ్లు ఆ చోటులోకి జారుకుంటారు. నెమ్మదైన మెట్టు ఇదే. గాఢత పెంచితే వాకిట్లో కాచుకుని ఉన్న అమోనియాల సంఖ్య పెరుగుతుంది కాబట్టి రేటు పెరుగుతుంది, అంతేగానీ అమోనియా లోపలి నీటిని తోసేస్తోందని కాదు. కాబట్టి మీరు కొలిచిన రెండో ఆర్డర్ స్థిరాంకం నిజానికి రెండు అంకెల లబ్ధం: బయట జత కట్టే సమతా స్థిరాంకం ఒకటి, ఆ జతలో మార్పిడి జరిగే రేటు స్థిరాంకం రెండోది.

ఇప్పుడు కాగితం తీసుకుని ఈ లెక్క చేయండి. అసిటేట్‌కి కొలిచిన స్థిరాంకం సుమారు 1 × 10⁵, అమోనియాకి 5 × 10³. ఇరవై రెట్లు తేడా కనిపిస్తోంది కదా. బయటి జత స్థిరాంకం అసిటేట్‌కి 3, ఎందుకంటే రుణావేశం ఉన్న దాన్ని నికెల్ దగ్గరికి లాక్కుంటుంది, ఆవేశం లేని అమోనియాకి 0.15 మాత్రమే. భాగించి చూడండి, రెండిటికీ సెకనుకు దాదాపు 3 × 10⁴ వస్తుంది! అసలు ఏ లైగాండూ లేకుండా నికెల్ తన నీటిని చుట్టూ ఉన్న నీటితో మార్చుకునే రేటు కూడా 3.2 × 10⁴. వచ్చేది ఎవరైనా ఒకటే వేగం అంటే పోయేవాడి చేతిలోనే ఉంది వ్యవహారమంతా. నాకు ఈ సబ్జెక్టులో అన్నిటికంటే అందంగా అనిపించే లెక్క ఇదే.

ప్లాటినం మనిషి:
పై జవాబుతో పూర్తిగా ఏకీభవిస్తాను. దీనికి తిరగేసిన ఉచ్చు ఇంకోటి ఉంది, పరీక్షలో తప్పకుండా అడుగుతారు. చతురస్ర సమతల ప్లాటినం(2+) కాంప్లెక్స్‌లలో రేటు రెండు భాగాలుగా వస్తుంది, ఒకటి వచ్చే లైగాండ్ గాఢత మీద ఆధారపడుతుంది, ఇంకోటి ఆధారపడదు. ఆధారపడని భాగం చూసి డిసోసియేటివ్ అనేస్తారు పిల్లలు. కాదు, అక్కడ దాడి చేసేది సాల్వెంట్, దాని గాఢత మారదు కాబట్టి సమీకరణంలో కనిపించదు. అదీ అసోసియేటివే. అక్కడ వచ్చేది ఎవరన్నది ఎంత ముఖ్యమంటే, మెథనాల్‌లో ప్రామాణికంగా వాడే ప్లాటినం కాంప్లెక్స్ మీద థయోయూరియా, క్లోరైడ్ కంటే పదివేల రెట్లకు పైగా వేగంగా చర్య జరుపుతుంది. నికెల్ కథ దీనికి పూర్తిగా వ్యతిరేకం.

ఇంకో మాట, నికెల్‌లో చూసింది అష్టముఖి (లోహం చుట్టూ ఆరు లైగాండ్‌లున్న) కాంప్లెక్స్‌లన్నిటికీ అంటగట్టకండి. పీడనం పెంచి రేటు కొలిస్తే వచ్చే యాక్టివేషన్ వాల్యూమ్ (చర్య మధ్య స్థితికి చేరేటప్పుడు ఘనపరిమాణంలో వచ్చే మార్పు) నీటి మార్పిడికి నికెల్(2+)లో +7.2, మాంగనీస్(2+)లో −5.4, క్రోమియం(3+)లో −9.6 ఘన సెంటీమీటర్లు మోల్‌కి. ధనాత్మకం అంటే మధ్య స్థితిలో ఉబ్బింది, నీరు ముందు వదిలింది అన్నమాట. రుణాత్మకమైతే వచ్చేవాడు ముందే దూరుతున్నాడు.

ఎమ్మెస్సీ ఫస్టియర్:
లెక్క చేశానండీ, నిజంగా ఒకటే అంకె వచ్చింది, చాలా థాంక్స్! కానీ అదే టేబుల్‌లో ఫ్లోరైడ్ కూడా ఉంది. 8 × 10³ ని 1 తో భాగిస్తే 8 × 10³ దగ్గరే ఆగిపోయింది. నాలుగు రెట్లు తక్కువ కదా, ఇదేమైనా వేరే మెకానిజమా?

స్పటికం:
కాదండీ. ఆ బయటి జత స్థిరాంకం చాలాసార్లు నేరుగా కొలిచింది కాదు, అయాన్‌లను గుండ్రటి బంతులుగా అనుకుని ఆవేశం, దూరం పెట్టి ఫుయాస్–ఈగెన్ సమీకరణంతో లెక్కగట్టింది. అందులో నాలుగైదు రెట్ల సడలింపు మామూలే. మెకానిజం నిజంగా మారితే తేడా సాధారణంగా ఇంతకంటే చాలా ఎక్కువగా, ప్లాటినంలో అయితే వేల రెట్లలో, కనిపిస్తుంది. అసైన్‌మెంట్‌లో ఫ్లోరైడ్ అంకెని దాచకుండా వేసి, పక్కన ఈ కారణం రాయండి.